కొమ్మ కొట్టించే ముందు

ఈదురుగాలుల కాలం దగ్గర పడుతోందనగానే మన కాలనీల్లో చెట్ల మీద పంచాయితీ మొదలవుతుంది. కొమ్మ కరెంటు తీగ మీదికి వాలిందని ఒకరంటారు. ఎండుకొమ్మ ఎప్పుడు కారు మీద పడుతుందోనని ఇంకొకరి భయం. మా డాబా నిండా మీ చెట్టు ఆకులేనని పక్కింటివారి ఫిర్యాదు సరేసరి. చివరికి చెట్లు కొట్టే మనిషిని పిలిపిస్తారు. ఆయన లుంగీ ఎగ్గట్టి, కత్తి నడుముకు దోపుకుని, వట్టి కాళ్లతో ఎక్కేస్తాడు. 30 అడుగుల ఎత్తున ఒక చేత్తో కొమ్మ పట్టుకుని ఇంకో చేత్తో నరుకుతుంటాడు. కింద నిలబడ్డవాళ్లు 'అది కాదు, దాని పక్కది' అని కేకలేస్తుంటారు. ఆ మనిషికి తాడు లేదు, తలకు టోపీ లేదు. పడితే అడిగే నాథుడు లేడు.

ఈ పని ఇంతకన్నా పద్ధతిగా చేయించవచ్చు. చిన్న బూమ్ లిఫ్టులు, బండి మీద బిగించిన స్కై లిఫ్టులు ఇప్పుడు మన పట్టణాల్లో అద్దెకు దొరుకుతున్నాయి. వీధి దీపాలు మార్చే మున్సిపాలిటీ బండిని మీరు చూసే ఉంటారు. బండి మీద మడత విప్పుకునే ఇనుప చెయ్యి, దాని కొసన మనిషి నిలబడే బుట్ట ఉంటాయి. హోర్డింగులు కట్టేవాళ్లు, అద్దాల మేడలు తుడిచేవాళ్లు దాన్ని రోజూ వాడుతున్నారు. చెట్టు పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకు అది గుర్తుకు రాదు. నిజానికి ఆ బుట్ట పుట్టింది చెట్ల కోసమే. 1944లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జే ఐటెల్ అనే ఆయన, నిచ్చెన ఎక్కుతూ దిగుతూ చెర్రీ పళ్లు కోసి విసిగిపోయి, ఈ ఏర్పాటు కనిపెట్టాడు. కరెంటు స్తంభాల మీదికీ, కట్టడాల మీదికీ అది తర్వాత పోయింది.

దీనివల్ల మనిషికి రక్షణ అని వేరే చెప్పనక్కర్లేదు. చెట్టుకు కలిగే మేలు గురించి ముందు చెబుతాను, ఎందుకంటే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

చెట్టెక్కిన మనిషి ఎక్కడ నిలబడగలడు? తన బరువు మోసే లావు కొమ్మ మీద, అంటే మానుకు దగ్గరగా. చేతికందేది అక్కడి కొమ్మే. కొసన ఒక రెమ్మ తీగకు తగులుతోందన్నా, ఆయన ఆ కొమ్మను మొదలంటా నరికేస్తాడు. అందులో ఆయన తప్పేమీ లేదు, కొసదాకా వెళ్లే దారి ఆయనకు లేదు. అడుగు లావున్న కొమ్మ పోయాక చెట్టుకు ఒక పక్క ఖాళీ అవుతుంది, బరువంతా రెండో పక్కకు మొగ్గుతుంది. గాలివాన వచ్చినప్పుడు ఆ మొగ్గు మీదే చెట్టు ఒరుగుతుంది. ప్రమాదం తప్పిద్దామని చేసిన పనే ప్రమాదం తెచ్చిపెడుతుంది. బుట్టలో నిలబడ్డ మనిషి చెట్టు బయటి నుంచి దగ్గరకొస్తాడు. తీగకు తగిలే మూడు నాలుగు అడుగుల రెమ్మను మాత్రం తీసి, మిగతా చెట్టును చెట్టుగా ఉంచగలడు.

కోత పెట్టే చోటు కూడా ముఖ్యం. అలెక్స్ షైగో అనే అమెరికా అటవీ శాస్త్రవేత్త ఎన్నో చెట్లను నిలువునా కోసి లోపల పరిశీలించి ఒక సంగతి రుజువు చేశారు. మన ఒంటి మీద పుండు మానినట్టు చెట్టుకు గాయం మానదు. దెబ్బతిన్న భాగం చుట్టూ చెట్టు లోపల్లోపలే అడ్డుగోడ కట్టుకుని, దాని మీద కొత్త కర్ర పెంచుకుంటుంది. గాయం లోపల అలాగే ఉండిపోతుంది. కొమ్మ మానును కలిసేచోట మీరు గమనిస్తే చిన్న ఉబ్బు, ముడతలు పడిన బెరడు కనిపిస్తాయి. ఆ గోడ కట్టే సామర్థ్యమంతా అక్కడుంది. ఆ ఉబ్బును ముట్టుకోకుండా దానికి కాస్త ఇవతలగా కోయాలి. నున్నగా ఉండాలని మానుకు సమానంగా చెక్కేస్తే చెట్టు తన రక్షణ పోగొట్టుకుంటుంది. మూరెడు మోడు వదిలేసినా అది కుళ్లి, ఆ కుళ్లు మానులోకి దిగుతుంది.

బరువైన కొమ్మకైతే మూడు కోతలు పెట్టాలి. మానుకు అడుగు దూరంలో, కొమ్మ అడుగు భాగాన పావు వంతు లోతుకు ముందుగా ఒక గంటు పెడతారు. దానికి కొంచెం అవతల పైనుంచి రెండో కోత వేస్తారు. అప్పుడు కొమ్మ తెగి పడుతుందే కానీ, తనతో పాటు కింది బెరడును మానుదాకా చీల్చుకుపోదు. మిగిలిన మోడును ఉబ్బు దగ్గర మూడో కోతతో తీస్తారు. ఒంటి చేత్తో వేలాడే మనిషిని ఈ మూడు కోతలూ పెట్టమంటే ఎలా పెడతాడు? రెండు కాళ్లూ ఆనించి, రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే ఆ పని కుదురుతుంది.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. 'కట్టె మీరు తీసుకోండి, కూలి తగ్గించుకోండి' అని మనవాళ్లు బేరమాడతారు. అలా కుదిరిన మనిషికి సన్న రెమ్మలు దండగ, లావు కొమ్మలు లాభం. ఏవి నరుకుతాడో వేరే చెప్పాలా? మన వీధుల్లో నిద్రగన్నేరు, కానుగ చెట్లు తల తెగిన మోడుల్లా నిలబడటానికి చాలాసార్లు ఈ బేరమే కారణం. కూలి కూలిగానే ఇవ్వండి. కట్టె లెక్క వేరుగా చూసుకోండి. ఒక్కసారికి చెట్టు ఆకుపందిరిలో పావు వంతు కన్నా ఎక్కువ తీయనివ్వకండి.

యంత్రం తప్పనిసరి అయ్యే చెట్లు కొన్ని ఉన్నాయి. చచ్చిన చెట్టు, డొల్లపడిన చెట్టు, తుపానుకు సగం విరిగి వేలాడుతున్న చెట్టు. వీటి మీదికి మనిషిని ఎక్కించకూడదు, తాడు కట్టినా సరే, ఎందుకంటే తాడు కట్టేది ఆ చెట్టుకే కదా. కొబ్బరి చెట్టు మానుకు రంధ్రాలుండి వాటిలోంచి ఎర్రటి జిగురు, నమిలిన పీచు బయటికొస్తుంటే లోపల ఎర్రముక్కు పురుగు తినేస్తోందని అర్థం. ఆ చెట్టు మొవ్వు ఎప్పుడు విరిగి పడుతుందో ఎవరూ చెప్పలేరు. మాను మొదట్లో పుట్టగొడుగుల్లాంటి గట్టి బూజు పళ్లేలు కనిపించినా జాగ్రత్తపడాలి, వేళ్లు కుళ్లి ఉండవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాటాక విశాఖపట్నంలో వీధివీధినా ఇలాంటి చెట్లే. పడిపోయిన చెట్టును తీయడం సులువు. ఒక కొమ్మ ఇంకో కొమ్మ మీద చిక్కుకుని, కోత పెట్టగానే ఎటు తన్నుతుందో తెలియని చెట్టే మనుషుల్ని చంపుతుంది. బూమ్ లిఫ్టు చెట్టు మీద ఆధారపడదు, తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. దానికి పెట్టే అద్దెకు అసలు విలువ అదే.

అలాగని ప్రతి చెట్టుకూ ఇది పనికిరాదు. కోనసీమ కొబ్బరితోటలో ఈ యంత్రం నాలుగడుగులు కూడా వేయలేదు. గట్లు, బోదెలు, మెత్తటి నేల. అక్కడ దింపు కార్మికుడే దిక్కు. తాటిచెట్టుకు గీత కార్మికుడు మోకు, ముస్తాదులతో రోజూ ఎక్కాల్సిందే. వాళ్ల రక్షణకు కావలసిన పరికరాలు వేరు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తరతరాలుగా చెట్టెక్కే నేర్పు ఉన్నవారికే పట్టీ, తాడు కావాలని అందరం ఒప్పుకున్నాక, పట్నంలో దొరికిన కూలీని ఏ ఆధారమూ లేకుండా ఎక్కించడానికి మనకు మనసెలా ఒప్పుతుంది?

సరే, యంత్రం తెప్పించుకోవాలనుకున్నారు. అద్దెకిచ్చేవారికి ఫోన్ చేయగానే అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న 'ఎంత ఎత్తు సార్?' అని. నన్నడిగితే మాట నేలతో మొదలుపెట్టాలి.

రాజమహేంద్రవరంలో ఒక పాత అపార్టుమెంటు ఆవరణలో జరిగిన పని నేను దగ్గరుండి చూశాను. ప్రహరీ పక్కన పెద్ద నిద్రగన్నేరు. జీపు వెనక తగిలించి లాక్కొచ్చే చిన్న బూమ్ లిఫ్టు తెప్పించారు. ఆపరేటర్ పాతికేళ్లు దాటని కుర్రాడు. బండి ఆగగానే అందరూ చెట్టు పైకి చూస్తున్నారు, అతను మాత్రం గునపం అడిగి తీసుకున్నాడు. జాకీ కాళ్లు ఆనే నాలుగు చోట్లా నేల మీది పలకలను పొడుస్తూ చెవి ఒగ్గి విన్నాడు. మూడు చోట్ల గట్టి చప్పుడు. నాలుగో చోట డొల్ల చప్పుడు. 'ఇక్కడ కిందేముంది బాబాయ్?' అని వాచ్‌మన్‌ని అడిగాడు. 'ఏం లేదబ్బాయ్, నేలే' అన్నాడాయన. కుర్రాడు కదల్లేదు. ఇంకా పాతవాళ్లెవరైనా ఉంటే పిలవమన్నాడు. మొదటి అంతస్తులోంచి ఒక పెద్దావిడ దిగివచ్చి, 'అది పాత సెప్టిక్ ట్యాంకు బాబూ, డ్రైనేజీ కనెక్షన్ వచ్చాక పైన పలకలు పరిచేశారు' అంది. యంత్రాన్ని అక్కణ్నుంచి ఇవతలికి లాగించి, మళ్లీ నాలుగు చోట్లా పొడిచి చూసి, ప్రతి కాలు కిందా మందపాటి చెక్క దిమ్మ వేసి, అప్పుడు జాకీలు దించాడు. చూస్తున్నవాళ్లలో కొందరు టైం వేస్టు అని గొణిగారు. ఆ రోజు మొత్తం మీద జరిగిన అతి ముఖ్యమైన పని అదేనని నేననుకుంటాను.

ఎందుకంటే ఇలాంటి చిన్న యంత్రం బరువు దాదాపు ఒకటిన్నర టన్ను. నాలుగు కాళ్ల మీద సమంగా ఉన్నంతసేపూ నేలకు అది పెద్ద భారం కాదు. బూమ్ ఒక పక్కకు చాచగానే, ఆ బరువులో చాలా భాగం ఆ పక్కనున్న ఒకటి రెండు కాళ్ల మీదికి పోతుంది. ఆ కాలు కింద నేల నాలుగు అంగుళాలు దిగితే, 40 అడుగుల పైనున్న బుట్ట ఎంత పక్కకు ఊగుతుందో ఊహించుకోండి. సంపు మూత, సెప్టిక్ ట్యాంకు, మురుగుకాలువ అంచు, ఈమధ్యే తవ్వి పూడ్చిన పైపులైను, వానకు నానిన రేగడి, వీటిలో దేని మీదా జాకీ పెట్టనివ్వకూడదు. మీ స్థలంలో భూమి కింద ఏముందో ఆపరేటర్‌కు తెలియదు. చెప్పవలసింది మీరే. ఇల్లు కట్టినప్పటి మేస్త్రీ ఊళ్లో ఉంటే అడిగి కనుక్కోండి.

ఎత్తు సంగతి తర్వాత. కంపెనీలు చెప్పే వర్కింగ్ హైట్ అంటే బుట్ట అడుగు ఎత్తుకు మనిషి నిలబడి చెయ్యి చాపే 2 మీటర్లు కలిపిన లెక్క. 12 మీటర్ల యంత్రం అంటే బుట్ట లేచేది 10 మీటర్లే. అంతకన్నా ముఖ్యమైనది పక్కకు ఎంత చాస్తుందన్నది. 12 మీటర్లు పైకి లేచే చిన్న యంత్రం పక్కకు చాచేది సుమారు 6 మీటర్లు. మీ చెట్టు ప్రహరీ అవతల ఉండి, యంత్రం గేటు దగ్గర ఆగిపోతే, ఎత్తు ఎంతున్నా కొమ్మ అందదు. కాబట్టి చెట్టు మొదలు నుంచి యంత్రం నిలబడగలిగే చోటికి టేపు పెట్టి కొలవండి. గేటు వెడల్పు, వీధి మలుపు, పైన అడ్డొచ్చే కేబుల్ తీగలు ఫోన్‌తో ఫోటోలు తీసి ముందే పంపండి. నిలువుగా మాత్రమే లేచే సిజర్ లిఫ్టు చెట్టు పనికి దాదాపు ఎందుకూ కొరగాదు. కొమ్మల మధ్యలోంచి చెయ్యి మడిచి దూరగలిగే, మోచేయి వంటి కీలున్న బూమ్ కావాలి. సన్న సందుల్లోంచి కూడా దూరిపోయే, గొలుసు చక్రాల మీద నడిచే సాలీడు లిఫ్టులు ఉన్నాయి గానీ, అవి మన ఊళ్లలో అంత సులువుగా దొరకవు.

యంత్రం దొరకలేదని జేసీబీని పిలవడం పల్లెల్లో, పట్నాల్లో కూడా మామూలైపోయింది. ముందు తొట్టిలో ఇద్దరిని నిలబెట్టి పైకెత్తుతారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ తొట్టి మట్టి మోయడానికి చేసింది. దానికి కటకటాలు లేవు, పట్టీ తగిలించుకునే కొక్కెం లేదు, పైనున్న మనిషి చేతిలో ఏ మీటా లేదు. డ్రైవరు చెయ్యి జారినా, హైడ్రాలిక్ గొట్టం పగిలినా తొట్టి బోర్లపడుతుంది. క్రేను కొక్కేనికి బుట్ట వేలాడదీసి మనిషిని ఎక్కించడమూ అలాంటిదే. అద్దె సగానికి తగ్గుతుందని ఎవరు చెప్పినా వద్దనండి.

ఇక కరెంటు. చెట్టు పనిలో అన్నిటికన్నా భయపడవలసింది దీనికి. అద్దెకు దొరికే బూమ్ లిఫ్టుల్లో చాలావాటికి విద్యుత్ నిరోధకత ఉండదు, పైనుంచి కిందిదాకా ఇనుమే. పచ్చి కొమ్మ కూడా కరెంటు పారించేదే. 11 కేవీ లైనును ముట్టుకోనక్కర్లేదు, బాగా దగ్గరికి పోయినా చాలు. బుట్టగానీ, మనిషిగానీ, చేతిలోని దోటిగానీ, తెగిపడే కొమ్మగానీ ఆ తీగకు 10 అడుగుల లోపలికి రాకూడదు. వచ్చే అవకాశం కొంచెమున్నా ముందుగా విద్యుత్ శాఖవారితో మాట్లాడి లైను ఆపించి, లైన్‌మన్ ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకుని, ఎర్తింగ్ చేశానని చెప్పాకే పని మొదలుపెట్టాలి. మీటరు దగ్గర మెయిన్ కట్టేస్తే వీధి తీగలో కరెంటు పోదు. ఎవరి ఇంటి జనరేటరో, ఇన్వర్టరో సరిగా బిగించక వెనక్కి కరెంటు పంపవచ్చు, ఎర్తింగ్ అందుకే. విద్యుత్ శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1912. తీగల మీది కొమ్మలు కొట్టడం వాళ్ల పనుల్లో ఒకటి, అడిగితే తప్పులేదు.

పొరపాటున బూమ్ తీగకు తగిలిందే అనుకోండి. కింద ఉన్నవాళ్లు పరుగెత్తుకెళ్లి యంత్రాన్ని పట్టుకోవడం సహజంగా జరిగిపోతుంది. అది ప్రాణాంతకం. యంత్రం చుట్టూ నేలలో కూడా కరెంటు పాకి ఉంటుంది. దూరంగా నిలబడి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, సబ్‌స్టేషన్ నుంచి లైను ఆపించడమే చేయగలిగింది. బుట్టలోని మనిషి లైను ఆగిందని తెలిసేదాకా దిగకూడదు. ఈ మాట పని మొదలుపెట్టే ముందే అందరికీ వినిపించేలా చెప్పాలి.

బుట్టలో ఎవరుండాలి? యంత్రం నడిపే కుర్రాడికి చెట్టు తెలియదు. చెట్టు తెలిసిన మనిషికి యంత్రం తెలియదు. ఇద్దరూ ఎక్కాలి, లేదా ఒకరు రెండో పని నేర్చుకోవాలి. చిన్న బుట్టలు సాధారణంగా 200 కిలోలు, ఆ పైన కొంచెం మోస్తాయి. ఎంతని బుట్ట మీదే రాసి ఉంటుంది. ఇద్దరు మనుషులు, రంపం, తాళ్లు కలిపితే ఆ లెక్క దగ్గర పడిపోతుంది. నరికిన కొమ్మను బుట్టలో పెట్టుకుని దించుదామనుకుంటే చాలా ప్రమాదం. అడుగు లావు, మీటరు పొడవున్న పచ్చి దుంగ 60, 70 కిలోలు తూగుతుంది. దాన్ని బుట్టకు కట్టకూడదు, బూమ్‌కు కట్టకూడదు. బుట్ట కిందుగా ఉన్న కొమ్మ కోయాలే తప్ప నెత్తి మీదున్న కొమ్మను కోయకూడదు. పెద్దవాటిని విడిగా తాడుతో, ఇంకో బలమైన కొమ్మ మీదుగా నెమ్మదిగా దించాలి.

ఒంటి నిండా వేసుకునే పట్టీ, దానికి పొట్టి తాడు, ఆ తాడు కొక్కెం బుట్టలోని కట్టుడు రింగుకు. చెట్టుకు మాత్రం కాదు. బూమ్ కిందకు దిగితే చెట్టుకు కట్టుకున్న మనిషి అక్కడే వేలాడిపోతాడు. పట్టీ ఎందుకు అంటే, నేల మీద చక్రం గుంతలో పడి ఒక్క కుదుపు వస్తే, ఆ కుదుపు బూమ్ పొడవునా పెరిగి బుట్టను వడిసెల రాయిని విసిరినట్టు విసురుతుంది. కటకటాలున్నాయి కదా అనుకోవడానికి లేదు. కటకటాల మీదికి ఎక్కి నిలబడటం, బుట్టలో నిచ్చెన వేసుకోవడం, బుట్టలోంచి కొమ్మ మీదికి దాటడం, ఈ మూడూ నేను చూసినవే. మూడింటిలో ఏది చేసినా పని ఆపించే హక్కు ఇంటి యజమానిగా మీకుంది. మొహమాటపడకండి.

ఈ యంత్రాల్లో ఎక్కువ వాటికి గాలి హద్దు గంటకు 45 కిలోమీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఉక్కపోసి సాయంత్రం ఒక్కసారిగా మీదపడే గాలిదుమారం దాన్ని సులువుగా దాటేస్తుంది. అందుకని పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించుకోవడం మేలు. ముందురోజే చెట్టునంతా బాగా చూసుకోవాలి. కాకి గూడుందా, అందులో పిల్లలున్నాయా? ఉంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి. పైన పెద్ద తేనెతుట్టె ఉందా? నేల మీద మనిషి పరుగెత్తగలడు. బుట్టలోవాడు ఎక్కడికి పోతాడు? కొట్టవలసిన కొమ్మలకు గుడ్డపీలికలో, రంగుదారమో కట్టి గుర్తు పెట్టుకోండి. కింది నుంచి కేకలు వేయాల్సిన పని తప్పుతుంది.

డబ్బు దగ్గర మాట స్పష్టంగా ఉండాలి. సాధారణంగా 8 గంటల షిఫ్టుకు లెక్క కడతారు, రెండు గంటల్లో పనైపోయినా సరే. యంత్రాన్ని తెచ్చి తీసుకెళ్లే రవాణా ఖర్చు ఎవరిది, డీజిల్ ఎవరిది, ఆపరేటర్ బత్తా అందులో కలిసిందా, జీఎస్టీ విడిగానా అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. ఆపరేటర్ లేకుండా ఉత్త యంత్రాన్ని తీసుకోవద్దు. ఆపరేటర్‌కు శిక్షణ ఎక్కడైందో అడగండి. 1983 నుంచి ఉన్న ఐపాఫ్ అనే అంతర్జాతీయ సంస్థ ఇలాంటి యంత్రాలు నడిపేవారికి పరీక్ష పెట్టి కార్డులిస్తుంది, ఆ కార్డుంటే మంచిదే. యంత్రానికి చివరిసారి తనిఖీ ఎప్పుడైందో, బీమా ఉందో లేదో చూపించమనండి. అడిగితే చిరాకు పడేవారి దగ్గర తీసుకోకపోవడమే మంచిది.

పైకి లేచే ముందు ఆపరేటర్‌ను ఒక్క పని చేసి చూపించమనండి. ఇంజిన్ ఆగిపోతే, లేదా పైనున్న మనిషి స్పృహ తప్పితే, కింది నుంచి బుట్టను ఎలా దించుతారు? ప్రతి యంత్రానికీ కింద ఒక అత్యవసర మీట లేదా చేతిపంపు ఉంటుంది. అది పనిచేస్తోందా? ఆపరేటర్ కూడా బుట్టలోకి ఎక్కితే, కింద ఉన్నవాళ్లలో దాన్ని వాడటం ఎవరికి వచ్చు? ఆ ఒక్క మనిషికి ఇంకే పనీ పెట్టకూడదు, చేతిలో ఫోన్ ఉండకూడదు. పిల్లలు, పాలబ్బాయి, స్కూటర్ మీద వచ్చే డెలివరీ అబ్బాయి ఎవరూ చెట్టు కిందికి రాకుండా రెండో మనిషి తాడు కట్టి కాపలా ఉండాలి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా చట్టం అమల్లో ఉంది. కొన్ని రకాలకు మినహాయింపు ఉన్నా, చెట్టును మొత్తంగా కొట్టేయాలంటే సొంత స్థలంలోనైనా అనుమతి తీసుకోవాలి. వీధి చెట్టయితే కొమ్మ కొట్టడానికి కూడా పురపాలక సంఘాన్ని అడగాలి. యంత్రం రోడ్డు మీద నిలబడాల్సి వస్తే ట్రాఫిక్ పోలీసులకు ముందే చెప్పుకోవాలి.

ఇంత ఖర్చు ఒక్క చెట్టుకా అని మీకు అనిపించడం న్యాయమే. ఒక్క ఇంటికి అది భారమే. కానీ యంత్రం వచ్చేది 8 గంటల షిఫ్టుకు, మీ చెట్టుకు పట్టేది రెండు గంటలు. మీ వీధిలో ఇంకో మూడిళ్లలో అలాంటి చెట్లే ఉంటాయి. వానలు రాకముందే ఆ ఇళ్లవారినీ, అపార్టుమెంటు సంఘంవారినీ కూర్చోబెట్టి మాట్లాడండి. ఒకే రోజు, ఒకే యంత్రం, చెట్టు తెలిసిన ఒక మనిషి, ఖర్చు నలుగురికీ సమానం. మీ వీధికి ఏటా చెట్లు కొట్టడానికి వచ్చే మనిషినే పిలవండి, కత్తి నడుముకు దోపుకునే ఆ మనిషినే. ఈసారి ఆయన్ను బుట్టలో నిలబెట్టి, పట్టీ కట్టి, కూలి పూర్తిగా ఇవ్వండి.